సత్యవతి పట్టు

"తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు సత్యవతిగారూ," అన్నారు డాక్టర్ పద్మశ్రీ.

"విన్నానండి. మందులు మొదలెట్టండి," అంది సత్యవతి.

పక్క కుర్చీలో కోడలు వీరదుర్గ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మావగారు గంగబాబు తలుపు దగ్గర నిలబడి ఫ్యానుకేసి చూస్తున్నారు.

అంతర్వేదిలో వాళ్ళకి సొంత పడవుంది. పెద్దకొడుకు ప్రవీణ్ కుమార్ ఖతార్‌లో పనిచేస్తున్నాడు. చిన్నవాడు తాతాజీ కిందటేడు వేటకెళ్ళి, పడవ తిరగబడి పోయేడు. అప్పట్నుంచీ ఇంట్లో మళ్ళీ ఓ బిడ్డ తిరగాలని సత్యవతి పట్టు. ఈ రోజుల్లో వైద్యంతో పిల్లలు పుడుతున్నారని ఎవరో చెబితే, ఇద్దర్నీ వెంటబెట్టుకుని అమలాపురం వచ్చింది.

ఇందాక బయట వరసలో కూర్చున్నప్పుడు ముక్తేశ్వరం ఆవిడొకామె వీరదుర్గని చూసి జాలిపడింది. ఇలాంటి అత్తల్ని తను చాలామందిని చూసేనని, మొహమాటపడకుండా వద్దని చెప్పెయ్యమని చెవిలో చెప్పింది.

"చెప్పేనండి. వినట్లేదు," అంది వీరదుర్గ.

ఆవిడ సత్యవతికి ఎడంగా జరిగి కూర్చుంది.

డాక్టరు ఓపిగ్గా మళ్ళీ మొదట్నుంచీ చెప్పేరు. బీపీ ఇప్పటికే ఎక్కువుందని, కడుపుతో ఉండగా ఇంకా పెరిగితే ఫిట్స్ రావచ్చని, హార్మోను మందులకి రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, కాన్పులో రక్తం పోతే తమ చేతుల్లో ఏమీ ఉండకపోవచ్చని. ఇంతా చేస్తే బిడ్డ నిలుస్తుందన్న నమ్మకం కూడా లేదన్నారు.

వీరదుర్గకి ఏడుపు ఆగలేదు.

"వద్దండి అత్తయ్యా. ఆయన కూడా ఫోన్లో వద్దన్నారు కదండి."

"వాడక్కడుంటాడు. ఆ ఖాళీ ఇంట్లో తిరిగేది నేను."

"నాకు భయంగా ఉందండి."

"భయపడితే పిల్లలు పుడతారా?"

మీరైనా చెప్పండని డాక్టరు గంగబాబుని అడిగేరు. ఆయన భార్య మొహం చూసేరు. ఏడాదిగా ఇదే గొడవని, ఇంక తనవల్ల కాదని నెమ్మదిగా అన్నారు.

"రేపు తల్లికేమైనా అయితే?" అన్నారు డాక్టరు. ఈసారి గొంతులో కోపం వినపడింది.

సత్యవతి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"బిడ్డ దక్కితే చాలండి. పెంచడానికి ఇంట్లో మనుషులున్నారు."

తలుపు ఓరగా ఉండటంతో ముక్తేశ్వరం ఆవిడకి ఆ మాట వినపడింది. ఇలాంటివాళ్ళని జైల్లో పెట్టాలని పక్కనున్న వాళ్ళతో గట్టిగానే అంది. సత్యవతి అటు తిరిగి కూడా చూడలేదు.

ముందు స్కాన్ చేసి చూద్దామని, ఏ మాటైనా ఆ తర్వాతేనని డాక్టరు లేచి తెర పక్కకి లాగేరు. వీరదుర్గ కూడా కళ్ళు తుడుచుకుంటూ లేచింది.

సత్యవతి చెప్పులు విడిచి, స్కాన్ బల్లెక్కి పడుకుంది.