సన్నకాళ్ల ఖడ్గమృగం

అది 1962. మైపాడు పక్కనున్న పల్లెకు నెల్లూరు కాలేజీ నుంచి జంతుశాస్త్రం లెక్చరర్ క్రీస్తుదాసు వచ్చారు. వాగు ఇసుకలో దొరికిందంటూ చేపలమ్మే మస్తానమ్మ ఒక రాయిలాంటి ఎముకను ఆయన ముందు పెట్టింది.

ఆయన టేపు తీసి కొలిచారు. “ఖడ్గమృగం తొడ ఎముకే. పొడవు సరిపోయింది. నడుమ చుట్టుకొలత తొమ్మిదంగుళాలు ఉండాలి, ఏడే ఉంది. అంటే ఇది ఎప్పుడో అంతరించిన వేరే జాతి. ఎవరికీ తెలియని జాతి!”

“అయితే మంత్రిగారు చూడను వస్తారా సార్?”

“తప్పకుండా వస్తారు.”

“ఆయన కారు రావాలంటే రోడ్డు ఎయ్యాల గదా! బండి ఇసకలో దిగబడి, మా చేపలు నెల్లూరు చేరేలోపల కుళ్లిపోతుండాయి.”

“ఒక్క ఎముక చూసి జాతిని ఒప్పుకోరమ్మా. ఇదే కొలతతో ఇంకొకటి కావాలి. దొరికిందా, మీకు రోడ్డు, నాకు ప్రొఫెసర్ పదవి.”

“ఇంకోటి ఉండాది సార్. అయితే అది ఇంకా అరగలా...” అని మస్తానమ్మ నాలుక కరుచుకుంది.

క్రీస్తుదాసు వాగు గట్టు వైపు చూశారు. అచ్చం అలాంటి ఎముకే అక్కడ గుంజలాగా పాతి ఉంది. దానికి ఒక పడవ కట్టి ఉంది. పడవ ఊగినప్పుడల్లా కొబ్బరి తాడు ఎముక నడుమను ఒరుసుకుంటోంది.

ఆయన తన చేతిలోని ఎముకను తిప్పి చూశారు. నడుమ ఇరుక్కున్న కొబ్బరి పీచును గోటితో తీసి జేబులో వేసుకున్నారు.

“దానికి ఇంకో రెండు పడవలు కట్టించమ్మా. వేసవి సెలవులయ్యాక వస్తాను.”