ఎడమ మలుపు

"తాళం ఇవ్వు చిన్నీ. పదింటికల్లా ఘాట్ ఎక్కకపోతే ఎండకి టైర్లు ఉడికిపోతాయి."

చిన్ని ఇవ్వలేదు. తాళంచెవి పని చొక్కా జేబులో వేసుకుని, డీజిల్ ట్యాంకరు ఎడమ ముందు చక్రం దగ్గర జాకీ పెట్టింది. ఇరవై రెండు బండ్లున్న ఆ షెడ్డులో మరమ్మతుల బాధ్యత ఆమెది. ఏ బండి గేటు దాటాలన్నా ఆమె సంతకం పడాలి. తాళం అడుగుతున్న డ్రైవరు మాత్రం ఆమె సొంత అన్నయ్య.

"నిన్న సాయంత్రం నేనే చూసుకున్నాను. బ్రేకు తొక్కితే మేకు దిగేసినట్టు ఆగుతోంది. ముప్పై ఏళ్లుగా నా బండి మీద గీత పడనివ్వలేదు. నాకే చెబుతావా?"

"పక్కకి జరుగన్నయ్యా. చక్రం విప్పాలి."

చుట్టూ చేరిన డ్రైవర్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. అన్నయ్య ముఖం కందగడ్డయింది. ఆడపిల్లకి ఈ గ్రీజు పనేమిటని ఇంట్లో అందరూ బుగ్గలు నొక్కుకున్న రోజున, ఆమె చెయ్యి పట్టుకుని ఈ షెడ్డుకి తీసుకొచ్చింది అతనే.

యజమాని పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఏంటమ్మా ఇది? అవతల ఆసుపత్రి జనరేటర్లకి డీజిల్ అడుగంటిందని ఫోన్ల మీద ఫోన్లు."

"ఘాట్‌కి పంపలేను సార్. సాయంత్రం దాకా వాళ్లకి సరిపోతుంది, కనుక్కున్నాను."

"పంపలేకపోవడానికి కారణం?"

ఆమె ఆయన్ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి తలుపు మూసింది. గోడ మీది తెరలో ఏ బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో, ఎక్కడ బ్రేకు పడిందో అంతా కనిపిస్తుంది. ట్యాంకరు నంబరు నొక్కింది.

"పది రోజుల్లో పదకొండుసార్లు బ్రేకు ఆలస్యంగా పడింది సార్. అన్నీ ఎడమ మలుపుల దగ్గరే. మొన్నయితే లోయ పక్కన తెల్లగీత దాటాక ఆగింది."

యజమాని గొంతు తగ్గింది. "మరి అతనొక్క మాటైనా చెప్పలేదే?"

"అతనికి తెలిసుండదు."

ఆయన గాజు తలుపులోంచి బయటికి చూశాడు. "రెండింటి దాకా ఆగుతాను. అప్పటికి సంగతి తేలకపోతే రేపణ్ణుంచి నీ కుర్చీలో ఇంకొకరుంటారు."

చిన్ని తలూపి బయటికొచ్చింది.

"బండి సంగతి తేలడానికి మధ్యాహ్నం అవుతుంది. ఊరికే కూర్చునే బదులు వీధి చివర కంటి ఆసుపత్రికి వెళ్లి రా అన్నయ్యా. లైసెన్సు రెన్యువల్‌కి కంటిపరీక్ష కాగితమొక్కటే కదా మిగిలింది?"

"నా కళ్లకేం రోగం?"

"ఏమీ లేదనే రాయించుకురా."

అతను భుజం మీది తువ్వాలు విదిలించి కొట్టి వెళ్లిపోయాడు.

ఆమె చక్రం విప్పింది. బ్రేకు డ్రమ్ము తీసింది. పన్నెండయింది. ఒంటిగంట అయింది. అన్నయ్యకి ఫోను కలపబోయి మానేసింది. ఒకటిన్నరకి యజమాని గది గుమ్మంలోకి వచ్చి, చేతిగడియారం చూసుకుని లోపలికెళ్లాడు.

పావు తక్కువ రెండుకి అన్నయ్య వచ్చాడు. ముఖంలో కోపం లేదు. టైర్ల గుట్ట మీద కూలబడి కాగితం ఆమె చేతికిచ్చాడు.

"నీరుకాసులట. ఎడమవైపు చూపు సగానికి పైగా పోయిందట. నొప్పీ గిప్పీ లేకుండా తినేస్తుందట చిన్నీ. చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుందన్నారు. ఇక పెద్ద బండి తోలకూడదట."

ఆమె పక్కనే కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. కాగితం చూసిన యజమాని, కొత్త డ్రైవర్లకి దారులూ మలుపులూ నేర్పే పని అన్నయ్యకి అప్పజెప్పాడు. చక్రం బిగించాక ఇంకో డ్రైవరు ట్యాంకరు తీశాడు. అది వీధి మలుపు తిరిగేదాకా అన్నయ్య కళ్లార్పకుండా చూశాడు.

"సమయానికి ఆ బ్రేకు మొండికేయబట్టి బతికిపోయాను. లేకపోతే ఈపాటికి ఘాట్ మీద ఉండేవాణ్ణి," అన్నాడు. "ఇంతకీ ఏం పోయింది దాంట్లో?"

"లైనరు అరిగింది. మార్చేశాను," అంది చిన్ని, చేతులు తుడుచుకుంటూ.

బ్రేకులో ఏ లోపమూ లేదు.