కిటికీ పక్క సీటు

"పామునన్నా పట్టుకుంటా గానీ, విమానమెక్కమంటే మాత్రం నాకు పానం పోతాదక్కా," అంది కోమలి.

గ్రేసీ కుట్టుమిషను ఆపింది. గడప మీద కూర్చున్న కోమలి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. పక్కన ఆమె కూతురు భానుశ్రీ, ఐదేళ్ల పిల్ల, రంగు గుడ్డముక్కలు ఏరుకుంటోంది. కోమలి మొగుడు విజయ్ కుమార్ కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. అదే ఇంట్లో వంటపనికి కోమలిని పిలిపించుకుంటున్నాడు. నెల తిరిగేసరికి చెన్నైలో విమానమెక్కాలి. "పాపను గూడా తెచ్చుకోమన్నారక్కా," అని కోమలి చెప్పిన రోజు గ్రేసీకి ఒక పట్టాన నమ్మకం కలగలేదు. తాను ఆ దేశంలో పనిచేసిన ఆరేళ్లలో పనిమనిషి బిడ్డను రానిచ్చిన ఇల్లు ఒక్కటీ చూడలేదు. కాలం మారిందేమోలే అనుకుంది.

"ఏముండాదే దాంట్లో బయపడేదానికి? పుత్తూరు బస్సు గుంతలో పడితే ఎగిరి పడమా? అంతే. చెవులు మూసుకుపోతే ఎంగిలి మింగాల. నోట్లో ఇంత బెల్లంముక్క పెట్టుకో."

"మబ్బుల్లో గడగడా ఊగుతాదంట కదా? భానూ, ఇన్నావా? పట్టుకునేదానికి కమ్మీ గూడా ఉండదంట."

పాప చేతిలోని ముక్కలు వదిలేసి అమ్మ కొంగు పట్టుకుంది.

"పిల్ల ముందర ఏం మాటలే అవి! గమ్మునుండి హుక్కులు కుట్టు," అని గ్రేసీ కసిరింది.

కసిరింది గానీ, కోమలిని చూస్తే ఆమెకు లోలోపల ఈర్ష్య. పన్నెండేళ్ల కిందట తాను పోయినప్పుడు తన కూతురు జెస్సీకి నాలుగేళ్లు. ఈ చుట్టుపక్కల కువైట్‌కు పోయే తల్లులు చేసేదే తానూ చేసింది. మేలుకుని ఉంటే బిడ్డ కాళ్లకు చుట్టుకుంటుంది, ఏడుపు వింటూ బయలుదేరితే మంచిది కాదు, నిద్రపుచ్చి పో అన్నారు పెద్దవాళ్లు. మధ్యాహ్నం పక్కన పడుకుని జోకొట్టింది. పిడికిట్లో చిక్కుకున్న తన వేలును మెల్లగా విడిపించుకుంది. చెప్పులు చేతబట్టుకుని వీధి దాటింది. ఈరోజుకీ జెస్సీ పగటిపూట కన్ను మూయదు. జ్వరం కాస్తున్నా సరే, గోడకానుకుని కూర్చుంటుంది. ఒకసారి ఈ సంగతి చెప్పుకుని గ్రేసీ ఏడిస్తే, కోమలి భానును దగ్గరకు లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"నువ్వు పెట్టి పుట్టినావే. బిడ్డను ఎంటబెట్టుకోని పోతాండావు," అంది గ్రేసీ.

కోమలి తల వంచుకుని దారం కొరికింది.

రేణిగుంటలో దిగే విమానాలు తమ ఊరు వడమాలపేట మీద బాగా కిందుగా పోతాయి. ఆ మోత వినబడితే చాలు, కోమలి "అమ్మో" అంటూ పాపను లోపలికి లాక్కుపోయేది. పది రోజులకల్లా పాప తనే చెవులు మూసుకుని మంచం కింద దూరడం నేర్చింది.

చూసి చూసి, ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే గ్రేసీ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసింది. పాపను కూర్చోబెట్టి చున్నీతో బెల్టు కట్టింది. జెస్సీ పళ్లెంలో చెనిక్కాయల ఉండలు పెట్టుకుని వచ్చి వంగింది.

"మేడం, మీకేం కావాల?"

"రెండుండలు."

"రెండు తింటే బరువెక్కి విమానం లేవదు మేడం."

"అయితే నువ్వు దిగిపో!"

జెస్సీ పడీపడీ నవ్వింది. పాప కూడా నవ్వింది. నెలలో ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదలు. "నేను కిటికీ పక్కన కూచుంటా. పైనుంచి అవ్వకు టాటా సెప్తా," అంది.

అప్పుడే వచ్చిన కోమలి గేటు దగ్గరే ఆగిపోయింది. గబగబా వచ్చి చున్నీ ముడి విప్పి, పాపను చంకనేసుకుంది. "ఆటలో బాగానే ఎగరతాది లేక్కా. నిజంగా పడిపోతే?"

"నీ పిరికితనం దానికంటిస్తాండావు కదే! కన్నతల్లివేనా నువ్వు?"

కోమలి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ప్రయాణం రోజు మధ్యాహ్నం వ్యాను వచ్చింది. డ్రైవరు పెట్టె ఎక్కించాడు. కోమలి అత్త గంగులమ్మ గడపలో నిలబడి ఉంది. కొత్త గౌను వేసుకున్న పాప వరండా స్తంభాన్ని కరుచుకుంది.

"నేను రాను మా. అది పడిపోతాది."

"నాయనను సూడొద్దా?"

"వొద్దు. నువ్వు పో. నేను అవ్వ కాడ ఉంటా."

కోమలి మోకాళ్ల మీద కూర్చుని పాప ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "నువ్వేనా ఉంటానంటాండేది? నేను ఉండమనలా కదా?"

"నేనే ఉంటా. నువ్వు బయపడొద్దు మా. నోట్లో బెల్లం పెట్టుకో."

పాప ఏడవలేదు. పెద్దమనిషిలా చెయ్యూపింది.

గ్రేసీ ఉండబట్టలేక వ్యాను కిటికీ దగ్గరకు పోయి అడిగేసింది. "నీ బయంతో బిడ్డను చేజేతులా దూరం చేసుకుంటివి కదే! రేపది అడిగితే ఏం సెప్తావు?"

కోమలి గ్రేసీ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

ఆ కోపంతో గ్రేసీ పొద్దుపోయేదాకా గంగులమ్మ ఇంటివైపు తిరిగి చూడలేదు. బాగా రాత్రయ్యాక ఫోను మోగింది. కోమలి నుంచి మెసేజి. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువు, అక్షరాల్లో తప్పులు. గ్రేసీ కూడబలుక్కుని చదివింది.

"అక్కా, విమానంలో కూచున్నా. నువ్వు తిట్టిందాంట్లో తప్పు లేదు. టికెట్టు మొదట్నుంచీ నా ఒక్కదానికేనక్కా. జెస్సీ మాదిరి నిద్రలో వదిలి రాలేకపోయినా. పాపను రోజూ పోయి సూడు."