నూలు ఎవరిది?

"దారం వడికిందెవరు?" అల్లికల పోటీలో శాలువా తడుముతూ అడిగారు మహిళా మండలి ప్రెసిడెంటుగారు.

"నేనేనండీ," అనేసింది శ్యామలాంబ.

అల్లడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. నూలు వడికే తకిలి మాత్రం మొన్న మిరపకోతలప్పుడే పట్టింది. తన దారం లావూసన్నంగా వచ్చింది, పోటీకి పనికిరాదని, వడకడం నేర్పుతున్న జైతున్‌బీ నూలుండలు చెప్పకుండా తెచ్చేసుకుని, తనవి ఆమె బుట్టలో వేసి వచ్చింది.

మొదటి బహుమతి స్టీలుబిందెతో మెట్లు దిగుతుంటే జైతున్‌బీ ఎదురైంది, చంకలో మనవరాలితో. పిల్ల నెత్తిన ఎగుడుదిగుడు దారంతో అల్లిన టోపీ.

శ్యామలాంబ బిందెను పైటచాటుకు లాక్కుంది.

"మీ ఉండలు పొరపాటున నా బుట్టలోకొచ్చాయమ్మగారూ. మీరు నేర్పిన అల్లికేగా, పిల్లకి టోపీ అల్లాను," నవ్వింది జైతున్‌బీ. "బాగుందన్న వాళ్ళందరికీ చెబుతున్నా, అల్లడం వరకే నాది, నూలు మా అమ్మగారు వడికిందని."