వరద గీత

"నిజం చెప్పత్తా. ఆ గీత దించింది నువ్వే కదూ?"

లోయ కాపలాదారు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మేనత్త చేతి టీ కూడా ఆ పూట రుచించలేదు పాపం.

నది కొండను కోసుకుంటూ పోగా మిగిలిన ఇరుకు లోయ అది. చూడవచ్చిన వాళ్లకు అతను ముందుగా చూపించేది కొండ రాతి గోడ మీది తెల్ల గీతనే. ముత్తాతల నాటి వరద అంత ఎత్తుకు ఎక్కిందని గుర్తు. గీతకు దిగువన ఏ కొట్టున్నా పీకించేస్తానని పై అధికారి పట్టు పట్టాడు. కొలవడానికి ఇవాళే వస్తున్నాడు. అత్త టీ కొట్టేమో గోడను ఆనుకుని, నది ఒడ్డున గుంజల మీద నిలబడి ఉంది. మొన్న వానకు ముందు గీత కొట్టు నేలకు బెత్తెడు పైన ఉండేది. ఇవాళ చూస్తే బెత్తెడు కింద!

"మెట్టెక్కాలంటేనే నా మోకాళ్లు ఏడుస్తాయి. గోడలెక్కి రంగులేస్తానట్రా?"

"నువ్వెందుకు ఎక్కుతావు? ఎవరినో ఎక్కించి ఉంటావు. నీ నోటికి అడ్డెవరు?"

"అయితే సంకెళ్లు తెచ్చెయ్ నాయనా. గాజుల పక్కన ముచ్చటగా ఉంటాయి!"

"నవ్వులాట కాదత్తా. ఆయన కనిపెడితే నీ కొట్టూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది."

అతను విసురుగా కొట్టు వెనక్కి వెళ్లాడు. అక్కడ గోడలో నిలువునా ఒక పగులు ఉంది. పగులుకు అవతల గీత ఎప్పటి ఎత్తులోనే ఉంది. ఇవతల, సరిగ్గా కొట్టు వెనక మాత్రమే దిగింది.

"సగమే దించావేం? రంగు చాల్లేదా?" అని అరిచాడు.

"ఆఁ, మిగతాది టీలో కలిపా! నువ్వు తాగిందదే!" లోపలి నుంచి అత్త.

కొత్త రంగైతే ఊడి వస్తుంది కదా అని గోటితో గీకాడు. ఊడలేదు. గీత మీద ఏళ్ల నాటి నాచు చెక్కు చెదరకుండా ఉంది. పైన పాత గీతను చెరిపిన జాడ వెతికాడు. అదీ లేదు. ఇంత నేర్పుగా ఎవరు చేశారబ్బా అనుకుంటూ పగుల్లో వేలు పెట్టి చూశాడు. మొన్నటిదాకా వేలు దూరని చోట చెయ్యంతా దూరింది. మోచేతి మీద గులకరాళ్లు జలజల రాలాయి.

అతను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అత్తా! పొయ్యి వదిలేసి బయటికి పరుగెత్తు! గీత కాదు, బండే దిగుతోంది!"