అడుగున రొట్టెముక్క

“సైన్యాన్ని పంపమని దేశాధ్యక్షుడికి రాయి నాయనా. గవర్నరు ఎటూ కంపెనీ మనిషే. ఆరుగురు చచ్చారని రాయి,” అంది ఆర్ఫా. ఆ ఆరుగురూ కంపెనీవాళ్ళ తూటాలకి పోయారు; ఆరోవాడు ఆవిడ కొడుకు వెర్నన్.

గనిలో సమ్మె చేశామని కంపెనీ ఇళ్ళలోంచి గెంటేస్తే, కొండ కింద గుడారాల్లో ఉంటున్నాం. ఉత్తరాలు రాసేది నేనే.

“ఏడుగురు,” అందో గొంతు. గుడారం గుమ్మంలో సద్దిడబ్బా పట్టుకుని జోఫియా నిలబడి ఉంది. మా సమ్మె విరగ్గొట్టడానికి కంపెనీ తెచ్చిన కూలీల్లో ఒకడి భార్య. “మా ఆయన పేరూ రాయండి.”

అతను మాత్రం మావాళ్ళ తూటాకే పోయాడు.

ఆర్ఫా లేచింది. “సిగ్గులేదుటే? మా నోటికాడ కూడు లాక్కున్నవాడికి మా కాగితంలో చోటా? వాడేం గనివాడు!”

జోఫియా మొగుడి డబ్బా మూత తీసింది. అడుగున ఎండిన రొట్టెముక్క.

గని పైకప్పు కూలితే, ఎవరైనా తవ్వి తీసేదాకా బతకడానికని ఆ ముక్క వదులుతారు. గనిలో పెరిగినవాడికే ఆ అలవాటు. సమ్మె కాపలాకి వెళ్ళినా వెర్నన్ వదిలేవాడు. వాడి డబ్బా ఆర్ఫా ఇంకా కడగలేదు.

“ఎన్నో ఏట గనిలోకి దిగాడు?” అడిగింది ఆర్ఫా.

“తొమ్మిదో ఏట. ఇక్కడ సమ్మె అని రైలెక్కించేటప్పుడు చెప్పలేదమ్మా. దిగాక పోనివ్వలేదు.”

ఆర్ఫా మెల్లగా మూత పెట్టింది.

“ఏడుగురని రాయి.”

“ఏడోవాణ్ణి ఎవరు చంపారని రాయనమ్మా?” అన్నాను.

ఆర్ఫా గుడారం గుంజకి ఆనించిన తన మొగుడి తుపాకీని చూసింది.

“ఆ సైన్యాన్ని వచ్చి, కంపెనీవాళ్ళ తుపాకులతోబాటు మా తుపాకులు కూడా పట్టుకుపొమ్మని రాయి.”