క్యాలెండరు చీటీ

"ఏమ్మా, ఆ బుట్టలో ఏమి వెతకతా ఉండావు?"

రాజలక్ష్మి గొంతు విని చిన్నమ్మ ఉలిక్కిపడింది.

ఆరాధన ముగిసింది. అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. మత్తిగిరి ప్రార్థన మందిరం వసారాలో, చెత్తబుట్ట ముందు ముసలి చిన్నమ్మ గొంతుక్కూర్చుని ఉంది. చేతిసంచి నిండా ప్రార్థన చీటీలు.

ఆ సంఘంలో అదొక ఆనవాయితీ. తమ పేరు రాయకుండా ఎవరి కష్టం వాళ్లు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. పాస్టరు కుమారేశన్ ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి, అన్నిటికీ కలిపి ఒకే ప్రార్థన చేస్తారు. తర్వాత చీటీలు చెత్తబుట్టలోకి పోతాయి. వాటి సంగతి మళ్లీ ఎవరికీ గుర్తుండదు.

రాజలక్ష్మి రాసిన చీటీ కూడా ఆ సంచిలోనే ఉంది. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద. కూతురు అపూర్వ అలిగి వెళ్లిపోయి రెండేళ్లయింది. అప్పటినుంచీ తల్లితో మాట లేదు. అడిగినవాళ్లకు బెంగళూరులో చదువుతోందని చెప్పి గుట్టు కాపాడుకుంటోంది. వారం వారం క్యాలెండరు కాగితం చించి, వెనకవైపు రాసేది ఒకటే మాట: "అపూర్వ వాళ్లమ్మతో మాట్లాడాలి." బిడ్డ పేరైనా లేకుంటే దేవుడికి ఎలా తెలుస్తుందని ఆ పేరు ఒక్కటీ రాసేది.

"మంది ఇండ్లలో గుట్టు నీకెందుకు? యాడనుంచి వచ్చినావు నువ్వు?"

"బాగలూరునుంచమ్మా. రోజా తోటలో పూలు కోస్తాను."

"మూడు నెల్లుగా చూస్తా ఉండాను. వెనక కూర్చునేది, అందరూ పోయినాక బుట్ట కెలికేది. ఇట్లాంటోళ్లకు ఈడ చోటు లేదు."

"తప్పయిపోయిందమ్మా. ఆ క్యాలెండరు కాగితం ఒక్కటి ఇయ్యమ్మా, పోతాను."

అంతా చదివేసింది ఈ ముసలిది! రాజలక్ష్మి సంచి లాక్కుని, చీటీలన్నీ బుట్టలోకి దులిపేసింది.

చిన్నమ్మ ముళ్లు గీసుకున్న చేతులు జోడించి, వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. వెనక వరసలో ఒక మనిషి తగ్గిందని ఎవరూ అడగనైనా లేదు.

నెల తిరక్కముందే అపూర్వ ఫోన్ చేసింది.

"అమ్మా, నేను..."

ఆపైన ఇద్దరికీ ఏడుపే.

ఆ ఆదివారం రాజలక్ష్మి లేచి నిలబడి, దాచిందంతా బయటపెట్టి సాక్ష్యం చెప్పింది.

"నా బిడ్డ నాతో మాట్లాడింది. ఇదంతా మన సంఘం చేసిన ప్రార్థనే."

అందరూ చప్పట్లు కొట్టారు.

మరుసటి వారం పాస్టరుకు బాగలూరునుంచి ఫోన్ వచ్చింది. చిన్నమ్మ పోయిందట. వచ్చి ప్రార్థన చేయమన్నారు. స్త్రీల సమాజం తరఫున రాజలక్ష్మికీ వెళ్లక తప్పలేదు.

ఒంటిగది రేకుల ఇల్లు. గోడ మీద, అంగట్లో బిల్లులు గుచ్చినట్టు, ఒక తీగకు చీటీలు గుచ్చి ఉన్నాయి.

"ఇవన్నీ చదివేదా ఆమె?" అడిగింది రాజలక్ష్మి.

"అవ్వకు చదువు యాడిదమ్మా?" అంది పక్కింటి రశ్మి. "నాతోనే చదివించుకునేది. నేను గుడికి పోయేదాన్ని, అయినా చదివి చెప్పినాను. ఒక్కోటీ విని, మోకాళ్లేసి, ఆ కష్టం దేవునికి చెప్పుకునేది. ఎంత ఏడ్చి రాసినారో, బుట్టలో పారేస్తే ఎట్లా పాపా, అనేది."

చీటీల మధ్య క్యాలెండరు కాగితాలు. అన్నీ రాజలక్ష్మి దస్తూరీయే.

రశ్మి కళ్లు తుడుచుకుంది.

"ఆ అపూర్వ ఎవరో గానీ, పోయే దినం కూడా అవ్వ అడిగింది. ఆ బిడ్డ వాళ్లమ్మతో మాట్లాడిందో లేదో, నన్ను చర్చికి రానిచ్చి ఉంటే తెలిసేది కదా, అని."

రాజలక్ష్మి ఆ నేల మీదే మోకాళ్లేసింది.

సంఘమంతా చేసిందని తాను సాక్ష్యం చెప్పిన ఆ ప్రార్థన చేసింది, సంఘంలో చోటు లేదని తాను వెళ్లగొట్టిన ఆ ఒక్క మనిషే.